గేటంత గొంగడి

గుర్వమ్మ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగలేదు కాబట్టే రాస్తున్నాను. మొన్న జడ్చర్లలో మిల్లు కార్మికుల సంఘం వార్షికోత్సవం జరిగింది. షామియానా వేశారు, మైకు పెట్టారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనుషులు గంటన్నర మాట్లాడారు. ఆ గంటన్నరలో ఆమె పేరు ఒక్కసారి వచ్చింది, అదీ "గురవమ్మ మొదలగువారు" అని. మొదలగువారట! నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం ఆడవాళ్ల వరుసలో చివర కూర్చుని పక్కామె మనవరాలి తలలో పేలు చూస్తోంది.

నేను ఆ పల్లికాయ మిల్లులో కాంటా గుమాస్తాను. గేటుకు ఎదురుగా తూకం కాంటా, దాని పక్కన నా బల్ల. జరిగిందంతా అక్కడ కూర్చునే చూశాను. చూసి చాలాకాలం నోరు మూసుకున్నవాణ్ణి కూడా నేనే. ఆ సంగతీ దాచను.

గుర్వమ్మది జడ్చర్లకు రెండు కోసుల దూరంలోని కుర్మ వాళ్ల వాడ. పుట్టింది గొర్ల మంద మధ్యన. వాళ్లమ్మ మంద వెంట పోయి చెల్కలోనే కన్నదట, కన్నపూటే బిడ్డను గొంగడిలో చుట్టుకుని మందతోనే ఇల్లు చేరిందట. పెండ్లయింది బీరన్నతో. బీరన్న మాట తక్కువ మనిషి. పగలు గొర్లు, తీరిక దొరికితే మగ్గం. అతను నేసిన గొంగడి పాతికేళ్లు చినగదని పేరు. నూటిరవై గొర్లుండేవి వాళ్లకు. ఒక వానాకాలం ఏదో రోగం తగిలి నెల తిరగకుండా నలభైకి దిగాయి. ఇల్లు గడవాలి కదా! గుర్వమ్మ తెల్లవారకముందే జొన్నరొట్టె మూట కట్టుకుని మిల్లుకు రావడం మొదలుపెట్టింది. అది యాభై మూడో సంవత్సరం.

మిల్లు పని ఎట్లా ఉండేదో ఇప్పటివాళ్లకు తెలియదు. ఒక పక్క మిషను పల్లికాయ కొట్టి పొట్టు ఎగజిమ్ముతుంది. ఇంకో పక్క ఎనభై మంది ఆడవాళ్లు చాటలతో చెరుగుతుంటారు, పుచ్చులు ఏరుతుంటారు. సాయంత్రానికి అందరి కనురెప్పలూ ఎర్రమట్టి రంగు. దగ్గు లేని మనిషి లేదు. అయినా వాళ్లు దాని గురించి ఏడవలేదు. కష్టం వాళ్లకు కొత్త కాదు. వాళ్లను తినేసింది వేరే ఉంది, అది సాయంత్రం గేటు దగ్గర జరిగేది.

మిల్లు కూత కూయగానే ఆడవాళ్లంతా గేటు లోపల వరుస కట్టాలి. దాన్ని తలాషీ అనేవారు. పల్లీలు ఇంటికి ఎత్తుకుపోతున్నారని సేటుకు అనుమానం. ఒక్కొక్కరూ ముందుకొచ్చి కొంగు దులపాలి, కుచ్చెళ్లు విదిలించాలి, కొప్పు ముడి విప్పి జుట్టు జాడించాలి. తర్వాత అండాలు అనే ఆమె రవిక మీద చేతులేసి తడిమి చూసేది. సేటు ఆమెను పెట్టుకున్నదే అందుకు. పక్కన కర్ర పట్టుకుని పెద్దులు నిలబడేవాడు. అతను ముకద్దం. ఊళ్ల నుంచి కూలీలను తెచ్చేదీ, వాళ్లను అదిలించేదీ అతనే. బయట వ్యాగన్లకు సంచులు మోసే హమాలీలు బీడీలు కాలుస్తూ చూస్తుండేవారు. కొందరు చూపు తిప్పుకునేవారు, కొందరు తిప్పుకునేవారు కాదు. నేను కాంటా ముల్లు వైపు చూసేవాణ్ణి.

యాభై ఏడులో, కార్తీక మాసంలో, బక్కమ్మ వంతు వచ్చింది. బక్కమ్మ మూడు నెలల బాలింత. బిడ్డను తల్లి దగ్గర వదిలి పనికి వచ్చేది. పాలు చేపుకొచ్చి రవిక తడుస్తుందని లోపల పాతగుడ్డ మడిచి పెట్టుకుంది. అండాలు చేతికి ఎత్తుగా తగిలింది. "ఏముందిక్కడ?" అంటూ లాగింది. పెద్దులు కర్రతో ఆ గుడ్డను ఎత్తి అందరికీ చూపించాడు. పల్లీలు కాదు, పాలు. తడిగుడ్డ నుంచి ఒక చుక్క నేల మీద పడింది. హమాలీల్లో ఎవడో నవ్వాడు. బక్కమ్మ రెండు చేతులూ ఎదకు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడింది.

నేను చూశాను. ముల్లు వైపు చూడలేకపోయాను ఆ రోజు. అయినా లేవలేదు. లేచిన మనిషి గుర్వమ్మ. వరుసలోంచి బయటికొచ్చి పెద్దులు చేతిలోని గుడ్డ గుంజుకుంది.

"రేపటి సంది ఈ గేటు లోపటికి మేం రాం" అంది. "గీ తలాషీ బందయితెనే వస్తం."

మర్నాడు పొద్దున ఆమె మొగుడి గొంగడి తెచ్చి గేటు ముందర పరిచింది.

ఈ గొంగడి సంగతి చెప్పకపోతే తక్కినదంతా అర్థం కాదు. ఆ చుట్టుపక్కల వాడల్లో ఒక కట్టు ఉంది. తగవు తేలాలంటే గొంగడి పరుస్తారు. చెప్పులు విడిచి దాని మీద కూర్చుంటారు. మాట చెప్పే పెద్దలు తగవు తెగేదాకా లేవకూడదు. తక్కినవాళ్లు అవసరానికి లేస్తే వాళ్ల జాగాలో ఇంకొకరు కూర్చోవాలి, గొంగడి ఖాళీ కాకూడదు. మనుషులు కూర్చున్న గొంగడిని ఎవరూ దాటకూడదు. తగవు తెగాక, పరిచిన చేతులే దాన్ని మడుస్తాయి. గొంగడి ఎత్తారంటే మాట తెగిందని లెక్క. ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. కుర్మ వాళ్లదే అయినా, ఆ పక్క ఏ కులం వాళ్లకైనా ఈ కట్టు తెలుసు, పాటిస్తారు.

రెండు రోజులు మిల్లు మూగబోయింది. మూడో రోజు సాయంత్రం కాలం కాని కాలంలో వాన పట్టింది. మామూలు వాన కాదు, ఆకాశం చిల్లు పడ్డట్టు. ఆడవాళ్లు స్టేషను షెడ్డులోకి ఉరికారు. గుర్వమ్మ ఒక్కతే ఆ గొంగడి మీద తడుస్తూ కూర్చుంది. అంతలో బీరన్న మందతో వచ్చాడు, చంకలో ఒకటి, చేతిలో ఒకటి అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఇంట్లో ఉన్న గొంగడి అదొక్కటే, అది పెళ్లాం కింద ఉంది. అతను అడగలేదు. నిలబడి చూశాడు, అంతే. ఆమె లేచి, నీళ్లు పిండి, మడిచి అతని భుజాన వేసింది. పిల్లలను ఎత్తుకుని అతనితో ఇంటికి నడిచింది.

తెల్లవారి నాలుగు దిక్కుల నుంచి ఆడవాళ్లు మిల్లు దగ్గరికి వచ్చారు. గేటు ముందర చూస్తే గొంగడి లేదు. తడి నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. "తెగినట్టున్నదే" అంది ఒకామె. ఇంకెవరూ ఏమీ అడగలేదు. అడగడం ఆనవాయితీ కాదు. కొంగులు నడుముకు చుట్టుకుని లోపలికి పోయారు. బీరన్నకు జ్వరం కాస్తుంటే కషాయం పోసి గుర్వమ్మ వచ్చేసరికి మిషను మోగుతోంది. నేను నా బల్ల దగ్గర నుంచి ఆమె ముఖం చూశాను. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

గేటు ఆమెకు, బక్కమ్మకు తెరవలేదు. సాయంత్రం తలాషీ ఎప్పటిలాగే జరిగింది. పెద్దులు ఊరుకున్నాడా! "సేటు ఇంట్ల కూసోని మాట్లాడుకున్నదట. గొంగడి అమ్ముకున్నదట" అని వాడవాడా చాటాడు. జనం నమ్మారు. కొప్పు విప్పిన ప్రతి సాయంత్రమూ ఆడవాళ్లు ఆమెను తిట్టుకున్నారు. నీళ్ల బావి దగ్గర ఆమె చేద వేస్తే పక్కవాళ్లు జరిగిపోయేవారు. పని పోయినందుకు కాదు, ఆ జరగడానికి ఆమె కుంగిపోయింది. తలాషీ పోవాలి, ఈ నింద కూడా పోవాలి, రెండూ ఒక్క గొంగడితోనే పోవాలని ఆమె మనసులో పడింది.

ఏడాది గడిచాక హమాలీల దగ్గరికి హైదరాబాదు నుంచి ఒక సంఘం సారు వచ్చాడు. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం పెద్దది. హమాలీల పెద్ద మైసయ్య స్టేషను వెనక అందరినీ పోగుచేశాడు. గుర్వమ్మ వెనకాల కదురు తిప్పుతూ నిలబడింది. ఆ సారు ఇంగ్లండు ముచ్చట చెప్పాడు. నూటయాభై ఏళ్ల కింద అక్కడ మిల్లులు లేచినప్పుడు కూలీలు సంఘాలు ఎట్లా కట్టుకున్నారో, కట్టుకున్నందుకు జైళ్లకు ఎట్లా పోయారో చెప్పాడు. డెబ్బై ఏళ్ల కింద లండన్‌లో అగ్గిపెట్టెల కార్ఖానా ఆడపిల్లలు పని మానేసి బయటికి వచ్చి గెలిచారని చెప్పాడు. హమాలీలు చప్పట్లు కొట్టారు.

"సారూ" అని వెనక నుంచి గుర్వమ్మ పిలిచింది. "గా పిల్లలు పనికి పోనన్ని దినాలు ఏం తిన్నరు?"

ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. "చందాలు వేసుకున్నరమ్మా. పట్నపోళ్లు కూడా ఇచ్చిండ్రు" అన్నాడు.

"మాకెవలిస్తరు!" అంది ఆమె. తర్వాత చేతిలోని కదురు వైపు చూసుకుంది. "మాకు గొర్లున్నయ్ తియ్యి" అంది మెల్లగా, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఆ ఏడు ఉన్ని కత్తిరింపు కాగానే ఆమె తిరుగుడు మొదలుపెట్టింది. ఇంటింటికీ పోయి గుప్పెడు ఉన్ని అడిగింది. గుప్పెడే, అంతకంటే ఎక్కువ ఇస్తే తీసుకోలేదు. గొర్లు లేని ఇంట్లో చింతగింజలు అడిగింది. ఉన్ని దారానికి గంజి పట్టించాలంటే చింతగింజల పిండి కావాలి కదా. మొదటి గుప్పెడు బక్కమ్మ ఇచ్చింది. అన్ని ఇళ్లూ అట్లా లేవు. కొన్నిచోట్ల తిట్లు తిన్నది. లక్ష్మీనర్సమ్మ అని, మిల్లులో అందరికంటే పెద్దామె, అరవై దాటింది, తలుపు సగం మూసి నిలబడింది.

"మల్ల వానొస్తె ఏం జేస్తవే? మల్ల మడిశి మొగని బుజాన ఏస్తవా?" అని అడిగింది.

గుర్వమ్మ తల దించుకోలేదు. "గందుకే నీ ఉన్ని గావాలె అవ్వా. పోయిన పారి గొంగడి నా మొగనిది. ఆయనకు సలి వెడితే ఇచ్చిన. తప్పు నాదే. గీ పారి గొంగడి ఎవ్వలిది గాదు. నాది గాదు, నీది గాదు. ఎవ్వల ఇంటికి పోదు."

ముసలామె లోపలికి పోయి గుప్పెడు నల్ల ఉన్ని తెచ్చి ఆమె ఒడిలో పడేసింది. "నా ముసలి గొర్రెది. గట్టిగుంటది" అని తలుపు వేసుకుంది.

ఒకరోజు సాయంత్రం చీకటి పడే వేళ గుర్వమ్మ మిల్లు గేటు దగ్గరికి వచ్చి, ఎవరూ చూడటం లేదనుకుని, మోచేత్తో గేటు కొలిచింది. నేను చూశాను. తొమ్మిది మూరలు. ఇంటికి పోయి మొగుడికి చెప్పిందట. బీరన్న నెత్తి గోక్కున్నాడట.

"ఎవలికే గింత పెద్ద గొంగడి? ఏనుగుకా?"

"గేటుకు" అందట ఆమె.

మగ్గం మీద అంత పెద్దది ఒక్కటిగా రాదు. తొమ్మిది మూరల పొడుగు పట్టీలు ఐదు నేసి కలిపి కుట్టాడు బీరన్న. ఏ ఇంటి ఉన్ని ఎక్కడుందో అతనికే తెలియదు. ఒక చోట నలుపు, ఒక చోట బూడిద రంగు, ఒక చోట ఎర్రమన్ను ఛాయ. అందంగా ఉందని చెప్పలేను. అందరి ఉన్నీ చింతగింజలూ మాత్రం అందులో ఉన్నాయి.

సంఘం రిజిస్టరు కావాలంటే దరఖాస్తు కావాలి, ఏడుగురి వేలిముద్రలు కావాలి. ఆ దరఖాస్తు నా దగ్గరికి వచ్చింది. మైసయ్య ఇంట్లో కూర్చుని రాశాను, ఎడమ చేత్తో. నా అక్షరాలు సేటుకు తెలుసు కదా, భయం! గుర్వమ్మ ఆ వంకర అక్షరాలు చూసి, "పంతులు, కోడి గెలికినట్టున్నది. గిది చదివెటోనికి కండ్లు పోతయ్" అంది. అయినా హైదరాబాదులో ఎవరో చదివారు. కాగితం మీద ముద్రపడి సంఘం వచ్చింది. అధ్యక్షురాలు గుర్వమ్మ. మిల్లులో పని లేని మనిషి మిల్లు సంఘానికి అధ్యక్షురాలు అని సేటు నవ్వాడు.

యాభై తొమ్మిది మార్గశిరంలో, పల్లికాయ బండ్లు బారులు తీరే రోజుల్లో, గుర్వమ్మ గొంగడి పరిచింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గేటు నిండిపోయింది. ఎనభై మందీ చెప్పులు విడిచి కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ కదుర్లు. మా సేటుకు ముందు అది అర్థం కాలేదు. సమ్మె అంటే నినాదాలు, జెండాలు అనుకున్నాడు. వీళ్లేమో ఉన్ని వడుకుతూ కూర్చున్నారు, కదుర్లు తిరుగుతున్నాయి, ముచ్చట్లు నడుస్తున్నాయి. సాయంత్రానికి వడికిన దారాన్ని బీరన్న నేతవాళ్లకు ఇచ్చి జొన్నలు తెచ్చేవాడు. స్టేషను పక్కన పొయ్యి వెలిగేది. అందరికీ ఒకటే జొన్న గటక. హమాలీలు సంచులు ఎత్తేది లేదన్నారు. తెప్పించిన వ్యాగన్లు ఖాళీగా నిలబడ్డాయి. మైసయ్య రోజుకోసారి సేటు గది కిటికీ దగ్గరికి పోయి "నడుం పట్టేసింది సేటూ" అని చెప్పి వచ్చేవాడు. అందరి నడుములూ ఒకేసారి పట్టేశాయన్నమాట.

పెద్దులు కష్టం చూడాలి. అతనూ గొర్లవాళ్ల బిడ్డే. కూర్చున్న గొంగడిని దాటలేడు, పనికి రాకపోతే సేటు ఊరుకోడు. రైలు పట్టాల వైపు వెనక గోడ దూకి వచ్చేవాడు. ఒకసారి పంచె గోడ మీది మేకుకు తట్టుకుని చినిగింది. ఆ రోజు నేను బల్ల కింద తల దూర్చి నవ్వుకున్నాను.

తొమ్మిదో రోజు సేటు పెద్దులును నల్లగొండ వైపు పంపాడు. పదకొండో రోజు పొద్దున లారీ వచ్చింది. కేతేపల్లి దిక్కు నుంచి ముప్పై మంది ఆడవాళ్లు, మూటలతో, చాటలతో. మిల్లు నడిస్తే వీళ్ల పని అయిపోయినట్టే. గొంగడి మీద కదుర్లు ఆగిపోయాయి. గుర్వమ్మ లేవలేదు. పక్కనున్న బక్కమ్మ చెయ్యి పట్టుకుంది, అంతే.

లారీ దిగినవాళ్లలో ముందున్నామె పేరు నర్సింగమ్మ అని తర్వాత తెలిసింది. గట్టి మనిషి, నెత్తిన మూట. నాలుగు అడుగులు వేసి గొంగడి అంచు దగ్గర ఆగింది. చూసింది. కాళ్ల చెప్పులు విడిచింది.

"ఎవలదమ్మా తగాద?" అని అడిగింది.

"మాదే అక్కా" అంది గుర్వమ్మ. "సేటుతోని. పొద్దుమూకినంక కొప్పులిప్పి, రైకలు తడిమి ఇంటికి పంపుతాండు. గది బంద్ జెయ్యమంటున్నం."

నర్సింగమ్మ వెనక్కి తిరిగింది. పెద్దులు లారీ పక్కన నిలబడి ఉన్నాడు. "ఏమయ్యా ముకద్దం! కొత్త మిల్లు వెట్టిండ్రని తోల్కొచ్చినవ్. కూసున్న గొంగడి మీదికెల్లి నడువుమంటవా మమ్ముల?"

"గదేం గొంగడి! తొక్కి పోండ్రి" అన్నాడు పెద్దులు. గొంతులో పస లేదు.

"సరే. నువ్వు ముంగట దాటు. నీ ఎంబడే మేమొస్తం."

వందమంది ఆడవాళ్లు అతని వైపు చూస్తున్నారు. పెద్దులు గేటు దాకా వచ్చాడు. కుడికాలు ఎత్తాడు. ఎత్తిన కాలు గాలిలో అట్లాగే ఉంది. దింపితే అవతల దింపాలి. చివరికి ఎక్కడి నుంచి ఎత్తాడో అక్కడే దింపాడు. నవ్వులు మిల్లు గోడలకు తగిలి తిరిగొచ్చాయి. కేతేపల్లి ఆడవాళ్లు మూటలు దించుకుని గొంగడి అంచున కూర్చున్నారు. మధ్యాహ్నం దాకా కూర్చుని, గటక తాగి, అదే లారీలో వెనక్కిపోయారు. పోయేముందు నర్సింగమ్మ చాటలన్నీ సమ్మెవాళ్లకు ఇచ్చేసింది. ఎందుకిచ్చిందో నాకు తెలియదు, ఏదో ఒకటి ఇవ్వాలనిపించి ఉంటుంది.

లారీ పోయాక గేటు లోపలి నుంచి అండాలు వచ్చింది. పదకొండు రోజులుగా తలాషీ చేయడానికి మనుషుల్లేక ఆమె లోపల స్టూలు మీద ఒక్కతే కూర్చుంటోంది. గొంగడి అవతలి అంచు దగ్గర నిలబడింది.

"నాకు గూడ జర జాగియ్యుండ్రి" అంది.

ఎవరూ కదల్లేదు. లక్ష్మీనర్సమ్మ ముఖం తిప్పుకుంది.

"మిమ్ముల నేను తడుముతుంటి. అందరు పోయినంక నన్ను పెద్దులు తడుముతుండె" అంది అండాలు. "ఆరేండ్ల సంది. నేనెవలికి జెప్పుకోవాలె?"

కదుర్లు మళ్లీ ఆగిపోయాయి. అప్పుడు బక్కమ్మ పక్కకు జరిగింది. ఆ బక్కమ్మే! తన పక్కన జానెడు జాగా చేసి, అరచేత్తో గొంగడిని తట్టింది. అండాలు చెప్పులు విడిచి వచ్చి కూర్చుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, అబద్ధమెందుకు.

పన్నెండో రోజు మహబూబ్‌నగర్ నుంచి జీపులో లేబరు ఆఫీసరు వచ్చాడు. పడుచు మనిషి, ఎండకు చెమటలు కక్కుతున్నాడు. సేటు అతన్ని గదిలోకి పిలిచాడు. గుర్వమ్మ చేతులు జోడించి, "మాట మా ముంగట గావాలె సారూ. గిక్కడ కూసోండ్రి" అంది. ఆఫీసరు అలసిపోయి ఉన్నాడో, మంచివాడో, బూట్లు విప్పి కూర్చున్నాడు. ఆఫీసరు కూర్చున్నాక సేటు నిలబడతాడా! మోకాళ్ల నొప్పితో మూలుగుతూ ఆయనా కూర్చున్నాడు. సేటుది మల్లుపంచె. కొత్త గొంగడి ఎంత గుచ్చుతుందో కూర్చున్నవాళ్లకే తెలుసు. ఆయన ఇటు జరిగాడు, అటు జరిగాడు, ఎక్కడ కూర్చున్నా గుచ్చింది.

భోజనం వేళకు ఆఫీసరు, "రిపోర్టు రాసి పంపిస్తాను" అని లేవబోయాడు. లక్ష్మీనర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కూసున్నంక తగాద తెగేదాక లేవద్దు సారూ. మా తాతలనాటి సంది గంతే."

ఆఫీసరు ఆమెను చూశాడు, సేటును చూశాడు, నవ్వి మళ్లీ కూర్చున్నాడు. సేటు ముఖం చూడాలి అప్పుడు.

"సరుకు పోతే జవాబెవరిది?" అన్నాడు సేటు.

"సంచులకు కుట్లున్నయ్, గోదాంకు తాళమున్నది. గవి సూసుకోండ్రి" అంది గుర్వమ్మ. "మా ఒళ్లు గోదాం గాదు."

ఆఫీసరు చుట్టూ చూసి, కాంటా దగ్గర నన్ను చూశాడు. "గుమాస్తా గారూ, ఇటు రండి. ఇన్నేళ్ల తలాషీలో పల్లీలు ఎన్నిసార్లు దొరికాయి?"

గొంగడి అంచు దాకా పోయి నిలబడ్డాను. కూర్చోలేదు. కూర్చునే ధైర్యం ఆ రోజూ నాకు లేదు. సేటు నా వైపే చూస్తున్నాడు. ఆ తడిగుడ్డ, నేల మీద పడిన ఆ చుక్క గుర్తొచ్చాయి.

"రెండుసార్లండీ" అన్నాను. "రెండుసార్లూ గుప్పెడే. గోదాములో ఎలుకలు తినేది అంతకు వెయ్యి రెట్లు."

ఒక్కసారిగా నవ్వులు. ఆఫీసరూ నవ్వాడు. మరుసటి సీజనుకు నా ఉద్యోగం ఊడిందనుకోండి, దానికి నేను ఏనాడూ బాధపడలేదు.

పొద్దు వాలేవేళకు మాట తెగింది. ఆడమనిషి ఒంటి మీద చెయ్యి పడదు, కొప్పు విప్పించడం ఉండదు. గుర్వమ్మ తన గురించి ఏమీ అడగలేదు. బక్కమ్మ అడిగింది. ఇద్దరికీ పని తిరిగి వచ్చింది. అండాలుకు ఏరుడు పని. ముకద్దం గేటు దగ్గర నిలబడకూడదని కాగితంలో రాశారు. ఆఫీసరు సంతకం చేశాడు, సేటు సంతకం చేశాడు, గుర్వమ్మ వేలిముద్ర వేసింది.

"ఇప్పుడు లేవచ్చా అమ్మా?" అని అడిగాడు ఆఫీసరు.

"లేవుండ్రి సారూ. మోకాళ్లు పట్టుకుపోయినయేమో, జర పైలం."

అందరూ లేచాక ఆమె వంగి గొంగడి ఒక కొస పట్టుకుంది. పరిచిన చేతులే మడవాలి కదా. కానీ అంత గొంగడి మడవడం ఒక్కతి వల్ల కాదు. "అవ్వా, నువ్వు ఆ కొస వట్టు" అని లక్ష్మీనర్సమ్మను పిలిచింది. ఆనాడు తలుపు సగం మూసిన ముసలామె వచ్చి రెండో కొస పట్టుకుంది. పట్టుకుని, "నువ్వు అమ్ముకోలే బిడ్డా. నాకు తెలుసు" అంది. గుర్వమ్మ ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

ఆ గొంగడి ఆమె అన్నట్టే ఎవరి ఇంటికీ పోలేదు. హమాలీల గదిలో ఉంటుంది. ఎక్కడ మిల్లు ఆడవాళ్లు అడిగితే అక్కడికి పోతుంది. వనపర్తి పోయింది, హాలియా దాకా పోయింది. వచ్చినప్పుడల్లా ఒక అతుకు ఎక్కువ, ఆ ఊరి ఉన్నితో. కానీ నేను చెప్పదలుచుకున్నది ఆ ముచ్చట కాదు. మిల్లు మళ్లీ నడిచిన మొదటి సాయంత్రం సంగతి చెప్పాలి. వార్షికోత్సవం మైకులో ఎవరూ చెప్పనిది అదే.

కూత కూసింది. ఆడవాళ్లు చాటలు దించి గేటు వైపు వచ్చారు. గేటు బార్లా తెరిచి ఉంది, పక్కన ఎవరూ లేరు. అయినా ముందున్న లక్ష్మీనర్సమ్మ తెలియకుండానే గేటు దగ్గర ఆగిపోయింది. ఆమె ఆగితే వెనక అందరూ ఆగారు. ఏళ్ల అలవాటు, ఒంట్లోంచి ఎట్లా పోతుంది! ముసలామె రెండు చేతులూ కొప్పు మీదికి లేచాయి, ముడి విప్పడానికి.

వెనక నుంచి గుర్వమ్మ అరిచింది, మిల్లంతా వినపడేటట్టు.

"అవ్వా! ముడి ఇప్పకు! నడువు!"

ముసలామె చేతులు కొప్పు మీదే ఆగాయి. చుట్టూ చూసింది. ఆ లేచిన చేతులతోనే ముడి ఇంకాస్త బిగించుకుని, గేటు దాటి బయటికి నడిచింది.